పిలుపు లేని శనివారాలు

ఆ పట్నాన్ని నేను మొదట నీళ్లలో చూశాను. వానలు వెలిసిన ఒక సాయంకాలం సరస్సు మా పాలెం గట్టు దాకా నిండి, కదలకుండా ఉంది. మబ్బులు నీళ్లలో మేడల్లా నిలబడ్డాయి. వాటికి కిటికీలున్నట్టు, మెట్లున్నట్టు తోచింది గాని ఎక్కడా మనిషి కనిపించలేదు. గులాబిరంగు కాళ్ల కొంగలు ఆ మేడల మధ్య నెమ్మదిగా నడుస్తుంటే, ఎవరో వీధి దీపాలు వెలిగించుకుంటూ పోతున్నట్టు ఉంది. ఇంటికి వచ్చి పొయ్యి రాజేసుకున్నాక కూడా ఆ ఊరు నన్ను వదల్లేదు. అంత పెద్ద మేడల్లో ఉండేవాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారు అని ఆలోచించాను. ఏమీ మాట్లాడుకోరు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. నా కథ అలా మొదలైంది.

అరవైల మొదటి సంవత్సరాలవి. నెల్లూరు మిషను ట్రైనింగు స్కూల్లో చదువు ముగించుకొని, దొరవారిసత్రానికి తూర్పున సరస్సు ఒడ్డునున్న మా క్రైస్తవ సంఘపు చిన్న బడికి టీచరుగా వచ్చాను. పాలెంలో ఉన్నవన్నీ విశ్వాసుల ఇళ్లే. కొందరు చేపలు పట్టేవాళ్లు. కొందరు పడమటి వైపు రైతుల మాగాణుల్లో పనికి పోయేవాళ్లు. కరెంటు లేదు. సాయంకాలమైతే గాలి సముద్రం వైపు నుంచి వీచేది, ఆ గాలిలో ఉప్పూ, ఎండుచేపల వాసనా, తాటాకుల గలగలా కలిసి ఉండేవి.

కథకు ఇంకో మూలం కూడా ఉంది. దొరవారిసత్రంలో పంచాయతీ వాళ్లు తమ ఆఫీసు అరుగు మీద ఒక రేడియో పెట్టారు. బడికి సుద్దముక్కలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు ఆ దారిన వస్తూ చూశాను. అంతకుముందు ఆ అరుగు మీద రైతులు కూర్చుంటే మాటల గోల వీధి చివరికి వినిపించేది. ఇప్పుడు అందరి ముఖాలూ పెట్టె వైపే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన ఒకాయన పక్కనున్నాయన్ను ఏదో అడగబోయాడు. ఆయన ఇటు తిరక్కుండానే చెయ్యి ఎత్తి ఆపాడు. అందులో కోపమేమీ లేదు. చెవి దగ్గర ఈగను తోలినట్టు, అంతే. ఆ ఎత్తిన చెయ్యి నా కథలోకి వచ్చి కూర్చుంది.

కథ రాయమన్నది మా అయ్యగారు, అంటే మా పాస్టరు గారు. ఆయన సూళ్లూరుపేటలో ఉంటూ చుట్టుపక్కల పల్లెల్లోని సంఘాలన్నీ చూసుకునేవారు. మా దగ్గరికి నెలకొకసారి, ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, ఆచరించే ఆదివారం వచ్చేవారు. మా సంఘాల మాసపత్రికకు ఏదైనా మంచి కథ పంపమ్మా అని ఆయన అన్నారు. నేను రాబోయే కాలపు పట్నాన్ని గురించి రాయడం మొదలుపెట్టాను. ఆ పట్నంలో ప్రతి ఇంటి గోడకూ ఒక పెట్టె ఉంటుంది. తెల్లవారితే అదే నిద్ర లేపుతుంది. ఏం వండాలో అదే చెబుతుంది. బిడ్డ ఏడిస్తే అదే జోలపాడుతుంది. మనిషి మంచాన పడితే అదే ప్రార్థన చేస్తుంది. పక్కింటివాళ్ల ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

బడి వరండాకు సిమెంటు చేయించి ఉంది గనక, పాలెం ఆడవాళ్లు సాయంకాలాలు ఎండురొయ్యలు చేటల్లో పోసుకొని అక్కడికే వచ్చేవాళ్లు. రొయ్యల తలలు గిల్లుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. శుక్రవారం పూట నేను రాసినంత మేర చదివి వినిపించేదాన్ని. వాళ్లు వినేవాళ్లే గాని ఊరుకునేవాళ్లు కాదు.

“ఆ పట్నంలో నీళ్లు యాడ తెచ్చుకుంటారు టీచరమ్మా?” అని ఒకామె అడిగింది.

“నీళ్లు గొట్టంలో ఇంట్లోకే వస్తాయి.”

“అయితే బావి కాడ తగువులుండవు. మంచి ఊరే. నన్ను తీసకపో.”

“నువ్వు పోతే నీ మొగుడికి పెట్టెతో పన్లేదులే. నువ్వే చాలు, పొద్దుగూకులూ మోగతానే ఉంటావు,” అని ఇంకొకామె అంది. రొయ్యల పొట్టు ఎగిరేలా నవ్వారందరూ.

అక్కడ ఒక పెద్దావిడ ఉండేది. పాలెం చివర, తూర్పు వైపు, మిగతా ఇళ్లకు కాస్త ఎడంగా నీళ్లకు ఆనుకొని ఉన్న గుడిసె ఆమెది. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు గూడూరు వైపు కాపురముంటోంది. ఎండుచేపలు అమ్ముకొని బతికేది. అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె అందరితో పాటు నవ్వి, నవ్వు ఆగాక అడిగింది.

“ఎవురన్నా ఆ పెట్టెని తిడితే ఏం జేస్తది?”

“ఏమీ చేయదు పెద్దమ్మా.”

“దానికి కోపం రాదా?”

“రాదు.”

“మరి దాంతో సమాధానపడేదెట్టా?”

కాగితం మడిచి పెట్టుకున్నాను. అది కథకు సంబంధం లేని ప్రశ్న అనుకున్నాను గాని, ఆ రాత్రంతా అది నా చెవిలోనే ఉంది.

ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తెలియాలంటే మా సంఘపు అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి శనివారం పొద్దు వాలే వేళ మా సంఘపెద్ద చేతికర్ర పట్టుకొని బయల్దేరేవాడు. పడమటి కొసన మొదలుపెట్టి, ఒక్క గడపా విడవకుండా నడిచి, పెద్దమ్మ గుడిసె దగ్గర ముగించేవాడు. గడప మీద కర్రతో మెల్లగా కొట్టి, ఇంట్లో ఉన్నవాళ్లను పేరు పెట్టి పిలిచి, “రేపు ప్రభువు దినం, రండి” అనేవాడు. అది మామూలు శనివారం. బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారమైతే ఇంకో మాట అడిగేవాడు. “ఎవురిమీదన్నా కోపం ఉండాదా?” దానికి జవాబు చెప్పాల్సిందే. ఉంది అంటే, అవతలి ఇంటికి వెళ్లి, ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టి, సమాధానపరిచి గాని ఇంటికి పోయేవాడు కాదు. సహోదరుడికి మనమీద విరోధముంటే ముందు వెళ్లి అతనితో సమాధానపడి, ఆ తర్వాతే కానుక అర్పించాలన్న ఆజ్ఞను మా వాళ్లు అంత సూటిగా పట్టుకున్నారు. నేను పుట్టి పెరిగిన సంఘంలో కూడా ఆ వాక్యాన్ని బోధించేవారు. దాన్ని చేతికర్రతో గడపగడపకూ మోసుకుపోవడం మాత్రం ఇక్కడే చూశాను.

ఆ నడకకు ఇంకో అర్థం కూడా ఉంది. ఎవరైనా పెద్ద తప్పు చేసి సంఘం వాళ్లను బల్ల నుంచి ఆపితే, ఆ సంగతి ఎవరూ నోటితో ప్రకటించేవారు కాదు. శనివారం సంఘపెద్ద ఆ గడప దగ్గర ఆగకుండా నడిచి పోయేవాడు. కర్ర చప్పుడు ఇంటి ముందు నుంచి దాటిపోవడం ఎంత మెత్తని శిక్షో, అంత కఠినమైన శిక్ష. ఆపిన వాళ్లు పశ్చాత్తాపపడ్డాక మళ్లీ ఒక శనివారం కర్ర ఆ గడపను తాకేది. ఇంట్లో ఏడుపు వినిపించేది.

ఆ సంవత్సరం కోత పండుగకు మైకు వచ్చింది. మా సంఘంలో పుట్టి సూళ్లూరుపేటలో మైకు సెట్ల షాపు పెట్టుకున్నాయన పండుగ కోసం ఒక సెట్టు తెచ్చాడు. పండుగ అయ్యాక, ఇది పాతది, మీరే ఉంచుకోండి అని వదిలిపెట్టి పోయాడు. లారీ బ్యాటరీతో పని చేసేది. మా ప్రార్థనల గుడి పక్కనున్న తాడిచెట్టుకు మైకు బూరను కట్టారు. బూర నోరు ఊరి మీదకీ నీళ్ల మీదకీ సమంగా తెరుచుకొని ఉండేది.

సంఘపెద్దకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. బురదలో నడిచి వచ్చిన ప్రతి శనివారం రాత్రీ ఆయన భార్య ఆముదం కాచి రుద్దాల్సి వచ్చేది. మైకు చేతికి రాగానే ఆయన ముఖం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది. పండుగ తర్వాతి ఆదివారం, ఆరాధన ముగిశాక, ఇకమీదట శనివారం పిలుపు మైకులోనే వస్తుందని చెప్పాడు. అందరూ మంచిదన్నారు. నేనూ అన్నాను. పెద్దమ్మ మాత్రం తన చాప చుట్టుకుంటూ, అందరికీ వినిపించేలా అంది.

“ఏం తమ్ముడా, నీ మోకాళ్లు ప్రార్థనకు వంగతాయి గాని మా ఇంటి దాకా నడవలేవా?”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తల వంచుకొని వైరు చుట్టుకున్నాడు.

ఆ మొదటి శనివారం నాకు కలలాగా గుర్తుంది. పొద్దు వాలింది. పడవలు గట్టుకు వస్తున్నాయి. ఉన్నట్టుండి ఆకాశంలోంచి గొంతు దిగింది. “సంఘస్తులందరికీ తెలియజేయడమేమనగా, రేపు ప్రభువు దినము. ఉదయము ఆరాధనకు అందరూ సకాలములో హాజరు కావలసినదిగా కోరుచున్నాము.” గడప దగ్గర రండి అనే మనిషి బూరలోకి వెళ్లేసరికి కోరుచున్నాము అన్నాడు. ఆ గొంతు నీళ్ల మీద జారి, చాలా దూరం పోయి, ఎక్కడో తగిలి చివరి ముక్క మాత్రం మళ్లీ తిరిగొచ్చింది. కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ వాలాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. బైబిల్లో దేవుడు దిగివచ్చిన సీనాయి పర్వతం మీది బూరధ్వని ఇలాగే ఉండి ఉంటుందనుకున్నాను. వరండాలో నిలబడి ఆ గొంతు ఆగిపోయిన తర్వాత కూడా వింటూ ఉన్నాను.

తర్వాత శనివారాలు అలాగే గడిచాయి. ఆ రోజుల్లో నా కథ బాగా సాగింది. చిత్రమేమిటంటే, పాలెం కూడా కొంచెం కొంచెంగా నా పట్నంలా కనపడసాగింది. శనివారం సాయంత్రం ఇదివరకు ఇళ్ల ముందు మనుషులుండేవాళ్లు, కర్ర చప్పుడు కోసం చూస్తూ పిల్లల తలలు దువ్వుతూ. ఇప్పుడు బూర మోగేసరికి లోపల పొయ్యి దగ్గరే తల ఊపి ఊరుకుంటున్నారు. వీధి ఖాళీగా, శుభ్రంగా, మబ్బుల పట్నంలా ఉండేది.

పెద్దమ్మ వరండాకు రావడం మానేసింది. ఆరాధనకూ రావడం లేదు. కూతురి దగ్గరికి పోయిందేమో అని ఒకరన్నారు. జ్వరమేమో అని ఒకరన్నారు. ఇదివరకైతే శనివారం తెలిసిపోయేది. ఇప్పుడు ఎవరో ఒకరు చూసే ఉంటారని అందరమూ అనుకున్నాం. రెండు బల్లల ఆదివారాలు దాటిపోయాయి. ఆమె చాప పరిచే చోటు ఖాళీగానే ఉంది.

“ముసలామె లేకపోతే నీ కథ చప్పగా ఉండాది టీచరమ్మా. ఒకసారి పోయి పిలుచుకురా,” అన్నారు ఆడవాళ్లు. నేను వెళ్లింది అందుకే. మూడో బల్లకు ముందు శనివారం, ఎండ తగ్గే వేళ.

గుడిసె ముందు తాడు మీద తెల్లచీర ఆరేసి ఉంది. బల్లకు వచ్చేటప్పుడు కట్టుకునే చీర అది. మా సంఘంలో పెద్దవాళ్లకు దాని కోసం వేరే ఒక చీర ఉండేది, ఎంత పాతదైనా తెల్లది. పెద్దమ్మ లోపలే కూర్చొని ఉంది. జ్వరమేమీ లేదు. సన్నబడింది. నేను గడప దాటబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“లోపలికి రాబాకు. నీకు మాటొస్తది.”

వేళాకోళమనుకొని నవ్వాను. ఆమె నవ్వలేదు.

“నన్ను ఏ తప్పుకి ఆపినారో నువ్వన్నా చెప్పమ్మే. ఎంత వెతికినా నాకు దొరకలా. అమ్మకంలో తక్కువ తూచినానా, ఎవురి బిడ్డనన్నా శపించినానా. ఒకటే గుర్తొస్తా ఉండాది. మోకాళ్ల మాట. అది తమాషాకన్నా. అంత మాటకి బల్లకి దూరం పెడతారా?”

“నిన్ను ఎవరు ఆపారు పెద్దమ్మా? నువ్వే రావడం లేదు గదా.”

“పిలవకుండా ఎట్టా వచ్చేది? బల్ల శనివారం పొద్దున్నే చీర ఉతికినా. ఎండింది. మడిచి పెట్టినా. పొద్దు వాలింది. కర్ర చప్పుడు రాలా. మళ్లీ నెలకి మళ్లీ ఉతికినా. రాలా. ఇయ్యాళ కూడా ఉతికినా, చూడు.”

“మైకులో పిలుస్తున్నారు గదా. వినపడలేదా?”

“ఎందుకు వినపడదు? నీళ్లకవతలోళ్లకి గూడా వినపడింది. అది ఊరందరికీ చెప్పే మాట. రైతులకీ, దారిన పోయేవోళ్లకీ. ఇంట్లోవోళ్లని ఎవురన్నా అట్టా పిలుస్తారా?”

“ఇప్పుడు అందరినీ అలాగే పిలుస్తున్నారు పెద్దమ్మా. పెద్దాయన ఎవరింటికీ పోవడం లేదు.”

“నన్ను ఊరడించబాకు,” అంది ఆమె.

ఆమె గుడిసె నుంచి మిగతా ఇళ్లు కనిపించవు. సరుగుడు చెట్లు అడ్డం. కర్ర చప్పుడు అన్ని గడపలూ తాకి, తన గడప దగ్గరికి రాకుండా వెనక్కి తిరిగిందని ఆమె నమ్మింది. మైకు మాట ఆ ఆదివారం అందరితో పాటు ఆమె కూడా విన్నదే. పిలుపంటే కర్రే అని ముప్పై నలభై ఏళ్లుగా ఒంటికి పట్టిపోయిన మనిషికి, బూర మోగితే అది పిలుపని ఎలా తోస్తుంది? తాను అన్న మాటకు ఆయన మనసు నొచ్చుకుందని, నొచ్చుకున్న సహోదరుడు తన దగ్గరికి వచ్చే దాకా బల్ల ముట్టే హక్కు తనకు లేదని, ఆమె తన విశ్వాసమంతా పెట్టి కూర్చుంది.

“నేనెంతకాలం ఉంటా?” అంది మెల్లగా. “బల్ల ముట్టకుండా పోతే, ఎందుకు ముట్టలేదని పైన ఆయన అడగడా? ఎవురితో సమాధానపడాల్నో నాకు చెప్పేవోళ్లు రాలేదయ్యా అని చెప్పాల్నా?”

నేను అక్కడి నుంచి సరాసరి సంఘపెద్ద ఇంటికి నడిచాను. ఆయన నులకమంచం మీద కాళ్లు చాపుకొని కూర్చొని ఉన్నాడు. పక్కన మైకు సెట్టుకు మంచు తగలకుండా దుప్పటి కప్పి ఉంది. ఇంకాసేపట్లో పిలుపు ఇవ్వాలి. నేను చెప్పింది విని ఆయన ముందు ముఖం ముడుచుకున్నాడు.

“ఆమె రావడం లేదని నాకూ తెలుసమ్మా. అంతమందిలో నన్ను ఎగతాళి చేసింది. నా పిలుపంటే లెక్కలేక రావడం లేదనుకున్నా. వచ్చి ఒక మాటంటే సరిపోయేది.”

“ఆమె మీరు వస్తారని చూస్తోంది. చీర ఉతుక్కొని కూర్చుంది.”

“నేను పిలవలేదంటే ఎట్టా? అందర్నీ పిలిచినా. ఆ అందర్లో ఆమె లేదా?”

“పిలిచారు. అడిగారా?”

“ఏంది?”

“ఎవరిమీదైనా కోపం ఉందా అని.”

ఆయన భార్య లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆయన దుప్పటి కప్పిన సెట్టు వైపు చూశాడు.

“మైకులో అడగొచ్చు,” అన్నాడు చివరికి. “జవాబు ఎట్టా వినేది?”

తర్వాత తనలో తాను అనుకున్నట్టు, మంచి కాపరి గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని, మందంతటికీ ఒక కేక వేసి ఇంట్లో కూర్చోడని అన్నాడు. ఆ వాక్యం మీద ఆయన ఎన్నోసార్లు ప్రసంగించాడు. ఆ సాయంత్రం దాన్ని కొత్తగా విన్నట్టు విన్నాడు. “నా కర్ర ఎత్తియ్యి,” అని భార్యను అడిగాడు.

“ఆముదం ఇప్పుడే గదా రుద్దినా,” అంది ఆమె. కర్ర తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం బూర మోగలేదు. మోగకపోతే ఏమైందోనని జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి తాడిచెట్టు వైపు చూశారు. అలా చూస్తూ ఉండగా వీధిలో కర్ర చప్పుడు వినిపించింది. ఆయన ఎవరి దగ్గరా ఆగకుండా నేరుగా తూర్పుకు నడిచాడు. ప్రతి ఇంటి ముందూ ఒక మనిషి నిలబడి, కర్ర తన గడప దాటి పోవడం చూశాడు. వాళ్ల ముఖాలు పాలిపోయాయి. ఏ గడపకు ఆ గడపే, తనకేం జరిగిందోనని బెదిరింది. నేను ఆయన వెనకే నడుస్తూ అది చూశాను. పెద్దమ్మ ఇన్ని శనివారాలు ఏం మోసిందో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది.

సరుగుడు చెట్లు దాటేసరికి నీళ్లు ఎర్రబారి ఉన్నాయి. నా పట్నపు మేడలన్నీ ఆ ఎరుపులో నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టుంది. ఆయన గడప మీద కర్రతో మెల్లగా కొట్టి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. పెద్దమ్మకు ఒక పేరున్నదని చాలాకాలానికి విన్నాను. ఆ వయసుకు ఆమెను పేరుతో పిలిచేవాళ్లు ఆ ఒక్కరే మిగిలి ఉన్నారు.

“అక్కా, రేపు ప్రభువు దినం. బల్ల ఉండాది. రా.”

ఆయన కర్రను గడపకు ఆనించాడు.

“ఎవురిమీదన్నా కోపం ఉండాదా?”

“ఉండాది,” అంది లోపలి నుంచి. “నీ మీద.”

“నాకూ ఉండాదిలే. అంతమందిలో మోకాళ్ల మాట అంటావా?”

“నొప్పని నాకు చెప్పినావా? చెప్తే అనుంటానా? ప్రతివారం నడిచొచ్చేవోడివి, నీకు నొప్పుంటదని నేనెట్టా అనుకుంటా?”

ఆయన గడప మీదే కూర్చున్నాడు, నిలబడే శక్తి లేక. ఆమె బయటికి వచ్చి, ఆయన మోకాళ్లు చూసి, చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఆయన ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థన. ఆమెన్ అన్నాక పెద్దమ్మ కళ్లు తుడుచుకొని అడిగింది.

“మిగతా ఇళ్లన్నీ అయినాయా?”

“లేదు. నీ కాడికే ముందొచ్చినా. మైకు వచ్చినాక యాడికీ పోలేదు.”

“ఎవుర్నీ అడగలేదా?”

“లేదు.”

“అయితే నేనొకదాన్నే కాదన్నమాట,” అంది. నేను చెప్పినప్పుడు నమ్మని మాటను అప్పుడు నమ్మింది. ఊరట పడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో భయం కనిపించింది. “లెయ్యి తమ్ముడా. పోదాం పద. అక్కడ ఎవురెవురు ఎట్టా ఉండారో.”

ఆ సాయంత్రం తూర్పు నుంచి పడమరకు, వెనక నుంచి ముందుకు, పిలుపు నడిచింది. ఆయన పెద్దమ్మ భుజం మీద ఒక చెయ్యి వేసుకొని నడిచాడు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండే తోటికోడళ్లు కోత పండుగ నుంచి మాట్లాడుకోవడం లేదని ఆ సాయంత్రమే బయటపడింది. అరువు తీసుకున్న పడవను అంచు విరిగేలా తెచ్చి ఇచ్చి, ఆ సంగతి చెప్పకుండా ఊరుకున్నవాడు ఇంకొకడు. వీళ్లందరూ రెండు నెలలు బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు. సమాధానపడకుండా బల్ల ముట్టకూడదని దూరంగా కూర్చున్నది పెద్దమ్మ ఒక్కతే. ప్రతి గడప దగ్గరా కర్ర తగిలేసరికి, ఇందాక దాటిపోయిందని బెదిరిన వాళ్లు, అడక్కముందే చెప్పుకున్నారు. తోటికోడళ్లలో చిన్నామె, “నువ్వు అడుగుతావనే చూస్తా ఉన్నా మామా. నా అంతట నేను ఎట్టా పోయేది?” అంది. సంఘపెద్ద ఆ మాటకు కర్ర మీద తల ఆనించుకున్నాడు.

ఇప్పుడు యంత్రాలు మనుషులను ఏలే కాలాన్ని గురించి కథలు చాలా వస్తున్నాయి. చదువుతూ ఉంటాను. వాటిలో యంత్రం చాలావరకు దుర్మార్గపుది. కళ్లు ఎర్రగా చేసుకొని వస్తుంది. మా పాలేనికి వచ్చింది అలాంటిది కాదు. అది నొప్పి పెట్టే మోకాళ్ల మీద జాలిగా వచ్చింది. అందమైన గొంతుతో వచ్చింది. మేమందరం మంచిదన్నాం, నిజంగానే మంచిది కూడా. ఆ తర్వాత ఒక గాలివాన సాయంత్రం దారి తెలియక నీళ్ల మీద తిరుగుతున్న పడవలను గట్టుకు తెచ్చింది ఆ బూరే. గట్టు మీద నిలబడి దేవుణ్ణి స్తుతించాం. అలాంటి వాటి కోసమే దాన్ని ఉంచుకున్నాం. శనివారం పిలుపును మాత్రం వీధికొకరం పంచుకున్నాం. తూర్పు వైపు నాకు వచ్చింది.

ఆ శనివారం మర్నాటి ఆరాధనకు పెద్దమ్మ అందరికన్నా ముందు వచ్చి తన చోట చాప పరుచుకుంది. తెల్లచీర మడతలు ఇంకా విడలేదు. అయ్యగారు రొట్టె విరిచి ఇచ్చే వేళకు సంఘపెద్ద మోకరించలేకపోయాడు. కాళ్లు వాచి, కూర్చునే ఉన్నాడు. పెద్దమ్మ పక్కకు వంగి గుసగుసగా అంది.

“ఇప్పుడు ప్రార్థనకు గూడా పనికి రాకుండా పోయినాయే.”

ఈసారి ఆయన నవ్వాడు. ఆమె రెండు చేతులూ చాపి రొట్టె తీసుకుంది. తినడానికి చాలాసేపు పట్టింది.

తర్వాతి శుక్రవారం ఆమె చేటతో వరండాకు వచ్చింది. నా కథ చివరికి వచ్చింది గాని ముగింపు కుదరడం లేదని చెప్పాను. పట్నంలోని పెట్టెలన్నీ ఒకేసారి పగిలిపోయి, జనం ఏడుస్తూ వీధుల్లోకి వచ్చేటట్టు రాయాలనుకుంటున్నానన్నాను.

“పగలగొట్టబాకు,” అంది పెద్దమ్మ. “దాని తప్పేం ఉండాది? ఎవురి చేతన్నా ఒక తలుపు కొట్టించు. చాలు.”

అలాగే రాశాను. పొద్దు వాలే వేళ ఆ పట్నంలో ఎవరో ఒకరు పక్కింటి తలుపు మీద వేలితో కొడతారు. లోపలివాళ్లు ఆ చప్పుడు ఏమిటో తెలియక పెట్టెను అడుగుతారు. పెట్టెకూ తెలియదు. మళ్లీ చప్పుడవుతుంది. అక్కడితో ఆపేశాను. పత్రికలో అదే అచ్చయింది.

దాన్ని చదివి వినిపించిన సాయంత్రం, నీళ్ల మీద గాలి ఆగిపోయింది. రొయ్యలు గిల్లే చేతులు చేటల్లోనే నిలిచిపోయాయి. అప్పుడు పెద్దమ్మ, తల ఎత్తకుండానే, పక్కనున్న కొయ్య స్తంభం మీద వేలి కణుపుతో మెల్లగా రెండుసార్లు కొట్టింది.

అందరం బడి తలుపు వైపు తిరిగాం.